మీకు తెలుసా? రాజు బొమ్మ ఉన్నా వెండి కాకపోవచ్చు!

ఆరో జార్జి బొమ్మ ఉన్న రూపాయలన్నీ వెండివి కావు. విక్టోరియా కాలం నుంచి 1939 దాకా రూపాయి బరువు 11.66 గ్రాములు, అందులో దాదాపు 92 శాతం వెండి. రెండో ప్రపంచ యుద్ధంలో వెండికి కటకట వచ్చి, 1940లో దాన్ని సగానికి దించారు. 1947 రూపాయిలోనైతే బొత్తిగా లేదు, అంతా నికెలే! అయస్కాంతం పెడితే ఇట్టే అతుక్కుంటుంది. మన నిజాం చార్మినార్ రూపాయి కాస్త తేలిక: 11.18 గ్రాములు, వెండి సుమారు 82 శాతం.

సేకరణ మొదలుపెట్టేవారికి ఐదో జార్జి రూపాయి మంచి ఎంపిక, విరివిగా దొరుకుతుంది. కొనేముందు గ్రాముల త్రాసు మీద తూచండి. నల్లబడిందని మాత్రం చింతపండు పెట్టి తోమకండి. మెరుపు వస్తుంది, సేకర్తల దగ్గర విలువ పోతుంది.