సైనికుడి కాలి కోసం పెట్టిన ఖర్చు.. మన ఇంటికేం తెచ్చింది?

రక్షణ బడ్జెట్ అనగానే మనకి తుపాకులు, ట్యాంకులు, విమానాలు గుర్తొస్తాయి. ఆ డబ్బులో కొంత విరిగిన ఎముకల మీద, తెగిన కాళ్ళ మీద పరిశోధనకి కూడా పోతుందని మీకు తెలుసా? "మా ఇంట్లో సైన్యంలో ఎవరూ లేరు, మాకెందుకీ సంగతి?" అని పేజీ తిప్పేయకండి. స్కూటరు మీద వెళ్ళే మీవారికీ, సైకిలు తొక్కే మీ అబ్బాయికీ, నలభై దాటి మోకాళ్ళు పట్టుకుంటున్న మీకూ ఇందులో చాలానే ఉంది.

కవచం లేని చోటే దెబ్బ

ఇరాక్, అఫ్ఘనిస్తాన్ యుద్ధాల్లో అమెరికా సైనికులకి తగిలిన గాయాల్లో సగానికి పైగా చేతులకీ, కాళ్ళకీ తగిలినవే. కారణం తేలిగ్గానే అర్థమవుతుంది. ఛాతీకి కవచం ఉంది, తలకి హెల్మెట్ ఉంది. కాళ్ళకి ఏముంది? కింద బాంబు పేలితే ముందు పోయేవి అవే. పాత రోజుల్లో అలాంటి దెబ్బ తగిలితే మనిషే దక్కేవాడు కాదు. ఇప్పుడు వైద్యం పెరిగింది కనుక ప్రాణం నిలుస్తోంది. కానీ ఆ తర్వాత బతుకు? ఈ రెండు యుద్ధాల్లో చెయ్యో కాలో పోగొట్టుకున్న అమెరికా సైనికులు 1,600 మందికి పైనే ఉన్నారు. గాయపడినవారి ఆస్పత్రి ఖర్చు లెక్క చూస్తే, అందులో దాదాపు మూడింట రెండు వంతులు ఈ చేతుల, కాళ్ళ గాయాలకే అయిందని తేలింది.

అందుకే 2009లో అమెరికా పార్లమెంటు తమ రక్షణ శాఖలో ఎముకల గాయాల పరిశోధనకి ప్రత్యేకంగా ఒక పథకం పెట్టించింది. తర్వాత చాలా ఏళ్ళు దానికి ఏటా సుమారు 3 కోట్ల డాలర్లు ఇచ్చారు. అదే 2009లో రక్షణ శాఖ డబ్బుతోనే సైనిక ఆస్పత్రులనీ, మామూలు ప్రజల ఆస్పత్రులనీ కలిపి ఒక పరిశోధన బృందంగా ఏర్పాటు చేశారు. దాని కేంద్రం బాల్టిమోర్ లోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో ఉంది.

ఇందులో మెచ్చుకోవలసిన విషయం ఇంకొకటుంది. డబ్బు కోసం వచ్చిన దరఖాస్తులని పరిశీలించేది శాస్త్రవేత్తలు మాత్రమే కాదు. గాయపడి, ఆ బాధ అనుభవించినవాళ్ళు కూడా వాళ్ళ పక్కనే కూర్చుని మార్కులు వేస్తారు. వంట ఎలా ఉందో వండినవాళ్ళ కంటే తిన్నవాళ్ళే కదా బాగా చెప్పగలరు!

చిటికెడు పొడి చేసిన మేలు

మోకాలి దగ్గరో, చీలమండ దగ్గరో ఎముక ముక్కలై ఆపరేషను చేస్తే, తర్వాత భయమంతా చీము పట్టడం గురించే. ఒకసారి చీము పడితే మళ్ళీ మళ్ళీ ఆపరేషన్లు, నెలల తరబడి మంచం. వాంకోమైసిన్ అనే మందు పొడిని, కుట్లు వేసే ముందు గాయం లోపలే చల్లితే ఎలా ఉంటుందని ఈ బృందం 36 ఆస్పత్రుల్లో 980 మంది మీద పరీక్షించింది. ఫలితాలు 2021లో వచ్చాయి. పొడి చల్లనివారిలో నూటికి సుమారు పదిమందికి లోతుగా చీము పడితే, చల్లినవారిలో అది ఆరుగురికి తగ్గింది. ఇది మామూలుగా దొరికే పాత మందే. దాన్ని వాడే తీరు మార్చి చూడటానికి మాత్రం ఎవరో ఒకరు డబ్బు పెట్టాలి.

కాలు తీసేయాలా, ఉంచాలా?

ఇది ఏ కుటుంబానికీ రాకూడని ప్రశ్న. కానీ వస్తుంది. డాక్టరు "మీరే చెప్పండి" అంటే భార్య ఏం చెబుతుంది, తల్లి ఏం చెబుతుంది? "ఎలాగైనా కాలు ఉంచండి బాబూ" అనే అంటాం కదా! అయితే 324 మంది సైనికుల మీద చేసి 2013లో వెల్లడించిన పరిశీలనలో ఆశ్చర్యకరమైన సంగతి బయటపడింది. కాలు నిలబెట్టుకున్నవారికంటే, కాలు తీసేసి కృత్రిమ కాలు పెట్టుకున్నవారే చురుగ్గా తిరుగుతున్నారు!

అలాగని తీసేయడమే మంచిదని అనుకోకండి. టెక్సస్ లోని సాన్ ఆంటోనియో సైనిక ఆస్పత్రిలో కార్బన్ ఫైబర్ తో ఒక పట్టీ తయారుచేశారు. దెబ్బతిన్న పాదానికి అది స్ప్రింగులా ఊతమిస్తుంది. దాంతోపాటు ఎనిమిది వారాల కఠినమైన వ్యాయామ శిక్షణ ఇచ్చారు. అంతకుముందు "ఈ నొప్పి భరించలేం, కాలు తీసేయండి" అనే ఆలోచనలో ఉన్న 50 మందిలో 41 మంది, శిక్షణ పూర్తయ్యాక కాలు ఉంచుకోవడానికే మొగ్గు చూపారు. ఆపరేషను ఎంత ముఖ్యమో, ఆ తర్వాతి వ్యాయామం కూడా అంతే ముఖ్యమని దీన్నిబట్టి తెలుస్తోంది. మన ఇళ్ళలో మాత్రం పిండికట్టు విప్పగానే వైద్యం అయిపోయిందనుకుంటాం. ఫిజియోథెరపీకి వెళ్ళమంటే "ఇంకా ఎన్నాళ్ళండీ" అని మానిపించేస్తాం.

ఆడవాళ్ళ ఎముకల మాటేమిటి?

సైన్యంలో చేరిన ఆడపిల్లలకి శిక్షణలోనే కాలి ఎముకలకి సన్నని పగుళ్ళు వస్తుంటాయి. మగవాళ్ళకంటే వీళ్ళకే ఎక్కువ. అమెరికా నౌకాదళంలో కొత్తగా చేరిన 5,201 మంది అమ్మాయిల మీద రక్షణ శాఖ నిధులతో ఒక పరీక్ష జరిగింది. కొందరికి ఎనిమిది వారాలు రోజూ 2,000 మిల్లీగ్రాముల కాల్షియం, 800 యూనిట్ల విటమిన్ డి ఇచ్చారు. మిగతావారికి ఉత్తుత్తి మాత్రలు ఇచ్చారు. 2008లో వచ్చిన ఫలితాల ప్రకారం మందు తీసుకున్నవారిలో పగుళ్ళు ఐదో వంతు తగ్గాయి.

ఇది చదివి మందుల షాపుకి పరిగెత్తకండి! అది కఠినమైన శిక్షణలో ఉన్న పిల్లలకి ఇచ్చిన మోతాదు. మూత్రపిండాల్లో రాళ్ళున్నవారికి కాల్షియం మాత్రలు కీడు కూడా చేయొచ్చు. డాక్టరుని అడగకుండా వేసుకోవద్దు. వంటింట్లో ఉన్నదాని సంగతి చూడండి. వంద గ్రాముల రాగుల్లో దాదాపు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. నువ్వుల్లో అంతకు ఎన్నో రెట్లు ఎక్కువ. రాగి సంకటి, నువ్వులుండ, గడ్డపెరుగు.. ఇవన్నీ మన అమ్మమ్మలకి తెలిసినవే. అందరికీ వడ్డించి, పెరుగు మిగిలితే తిందామనుకునే అలవాటు మాత్రం ఇక మానుకోండి.

మన హైదరాబాదు మాట

ఇలాంటి పని మన దగ్గర లేదనుకోకండి. 1944లోనే పూనాలో సైనికుల కోసం కృత్రిమ అవయవాల కేంద్రం వెలిసింది. హైదరాబాదులో అబ్దుల్ కలాంగారు క్షిపణుల మీద పనిచేస్తున్న రోజుల్లో, నిమ్స్ ఎముకల డాక్టరొకరు అక్కడి తేలికపాటి పదార్థాన్ని చూసి, ఆయన్ని ఆస్పత్రికి తీసుకువెళ్ళారట. అక్కడ పిల్లలు మూడు కిలోలకి పైగా బరువున్న ఇనుప కాలిపర్లు ఈడుస్తూ నడుస్తున్నారు. మూడు వారాల్లో 300 గ్రాముల కాలిపర్లు తయారయ్యాయి. ఆ పిల్లల తల్లిదండ్రుల కళ్ళలో నీళ్ళు తిరగడం గురించి కలాంగారు తర్వాత ఎన్నో సభల్లో చెప్పుకున్నారు.

ఆ దారిలోనే 2025 జూలైలో హైదరాబాదు రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీఎల్, బీబీనగర్ ఎయిమ్స్ కలిసి కార్బన్ ఫైబర్ పాదాన్ని విడుదల చేశాయి. 125 కిలోల బరువు దాకా దాన్ని పరీక్షించారు. విదేశాల నుంచి వచ్చేదాని ధర సుమారు రెండు లక్షలు. దీని తయారీ ఖర్చు ఇరవై వేల లోపే అవుతుందని చెప్పారు.

కుళాయి కట్టేస్తే?

ఇక్కడే అసలు చిక్కుంది. ఈ డబ్బు ఏ ఏటికాయేడు మంజూరు కావలసిందే. 2025లో అమెరికా రక్షణ శాఖ ఆధ్వర్యంలోని ఇలాంటి వైద్య పరిశోధన పథకాలన్నిటికీ కలిపి ఇచ్చే నిధులు, సుమారు 150 కోట్ల డాలర్ల నుంచి ఒక్కసారిగా 65 కోట్లకి పడిపోయాయి. యుద్ధం ముగిసిందంటే గాయపడినవాళ్ళని జనం మరిచిపోతారు. కానీ ఇరవై ఏళ్ళకి కాలు పోయినవాడు ఎనభై ఏళ్ళదాకా నడవాలి కదా!

మన సంగతి చూస్తే యుద్ధమే అక్కర్లేదు. 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. 4,43,366 మంది గాయపడ్డారు. ఇది ఏటా మన వీధుల్లో జరుగుతున్న యుద్ధం కాదూ? మన ఎం.పీ. ఓట్లకి వచ్చినప్పుడు రోడ్డు గురించి అడుగుతాం. ఆ రోడ్డు మీద కాళ్ళు విరిగినవారి వైద్యానికి, పరిశోధనకి ఎంత ఇస్తున్నారని కూడా అడుగుదాం. పన్ను కడుతున్నది మనమే!

గుర్తుంచుకోండి

* రక్తం కారుతుంటే శుభ్రమైన బట్టతో గట్టిగా అదిమి పట్టండి. మాటిమాటికీ తీసి చూడకండి.

* చేతికో కాలికో తగిలిన గాయం నుంచి అదిమినా ఆగకుండా రక్తం చిమ్ముతుంటే, గాయానికి పైన వెడల్పాటి బట్టతో బిగించి కట్టండి. కట్టిన టైము రాసిపెట్టండి. సన్నని తాడు, తీగె వాడొద్దు.

* గాయం మీద పసుపు, కాఫీ పొడి, సున్నం అద్దకండి. ఆస్పత్రిలో అదంతా కడగడమే పెద్ద పని అవుతుంది.

* ఎముక చర్మం చీల్చుకుని బయటికొస్తే లోపలికి నెట్టకండి. శుభ్రమైన బట్ట కప్పి, అట్టముక్కో, చుట్టిన వార్తాపత్రికో ఆసరాగా పెట్టి కదలకుండా కట్టి, 108కి ఫోన్ చేయండి. పుత్తూరు కట్టు మీద ఎంత నమ్మకమున్నా, ఇలాంటి గాయానికి మొదట ఆస్పత్రే. యాంటీబయాటిక్ ఎంత త్వరగా పడితే అంత మంచిది.

* ఆపరేషను అవసరం కావచ్చు. "పాపం, నీరసంగా ఉన్నాడు" అని కాఫీ, టిఫిను పెట్టొద్దు.

* వేలు తెగిపడితే తడిపిన శుభ్రమైన బట్టలో చుట్టి, ప్లాస్టిక్ సంచిలో పెట్టి, ఆ సంచిని ఐసులో పెట్టండి. వేలికి ఐసు నేరుగా తగలకూడదు.

ఈ జాగ్రత్తలు కత్తిరించి వంటింటి తలుపు లోపల అంటించుకోండి. అవసరం రాకపోతే అంతకన్నా కావలసిందేముంది?