పరిశోధన చెప్పినదెంత? మనం చెప్పుకునేదెంత?



మన సరిహద్దు ఊళ్లలో పిల్లలకు ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం, పై చదువులకు ఇంగ్లీషు. "ఇన్ని భాషల మధ్య మా వాడి బుర్ర తికమక పడదా సార్? ఇంట్లో తెలుగు మానేస్తే బాగుపడతాడా?" అని అడిగే తల్లిదండ్రులు నాకు ఏటా ఎదురవుతూనే ఉంటారు. ఈమధ్య మా వీధిలో ఉండే ఒక అమ్మాయి, బి.ఏ.లో సైకాలజీ చదువుతోంది, ఒక పరిశోధనా వ్యాసం జెరాక్స్ పట్టుకుని వచ్చింది. "సార్, దీని సారాంశం రెండు పేజీల్లో రాసుకు రమ్మన్నారు. ఇరవై పేజీల పైన ఉంది. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదు" అంది. తిప్పి చూద్దును కదా, అది సరిగ్గా ఆ తల్లిదండ్రుల ప్రశ్న మీద రాసినదే.

కెనడా దేశంలో మాంట్రియల్ నగరం ఉంది. అక్కడ ఫ్రెంచి, ఇంగ్లీషు రెండూ వినిపిస్తాయి. ఆ ఊళ్లోని మెగిల్ విశ్వవిద్యాలయానికి చెందిన ఎలిజబెత్ పీల్, వాలెస్ లాంబర్ట్ అనే ఇద్దరు 1962లో ఈ వ్యాసం ప్రచురించారు. రెండు భాషలు రావడానికీ, తెలివితేటలకూ సంబంధం ఏమిటన్నది దాని విషయం.

పరిశోధనా వ్యాసాన్ని మొదటి వాక్యం నుంచి చివరి వాక్యం వరకు వరసగా కుదించబోతే చేయి తిరగదు. అందుకని ఆ అమ్మాయికి అయిదు ప్రశ్నలు రాసిచ్చాను. వీళ్లు ఏమి తెలుసుకోదలచారు? ఎవరిని పరీక్షించారు? ఎలా పరీక్షించారు? ఏమి తేలింది? తేలినదాన్ని ఎంతవరకు నమ్మవచ్చు? ఈ అయిదింటికీ సొంత మాటల్లో జవాబు రాస్తే సారాంశం సిద్ధమైనట్లే.

మొదటి ప్రశ్న చూద్దాం. అంతకు ముందు జరిగిన పరిశోధనలు చాలావరకు రెండు భాషల పిల్లలు వెనుకబడతారనే చెప్పాయి. ఉదాహరణకు 1923లో శేయర్ అనే ఆయన వేల్స్ ప్రాంతంలోని బడిపిల్లలను పరీక్షించాడు. పల్లెటూళ్లలో వెల్ష్, ఇంగ్లీషు రెండూ వచ్చినవారికి తెలివితేటల పరీక్షలో తక్కువ మార్కులు వచ్చాయన్నాడు. అయితే ఆ రోజుల పరిశోధనల్లో చాలావాటికి ఒక లోపం ఉంది. కలిగినవారి పిల్లలను, లేనివారి పిల్లలను ఒకే తూకంలో వేశారు. మార్కులు తగ్గింది భాష వల్లనా, ఇంటి పరిస్థితి వల్లనా అన్నది విడదీయలేదు. పీల్, లాంబర్ట్ ఆ ముడిని విప్పుదామనుకున్నారు.

రెండు, మూడు ప్రశ్నలకు జవాబు ఇది. మాంట్రియల్‌లోని ఆరు ఫ్రెంచి బడుల నుంచి పదేళ్ల పిల్లలను తీసుకున్నారు. రెండు భాషలు దాదాపు సమానంగా వచ్చినవారిని ఒక జట్టుగా, ఫ్రెంచి మాత్రమే వచ్చినవారిని మరొక జట్టుగా ఏర్పరిచారు. ఇంగ్లీషు అరకొరగా వచ్చినవారిని ఏ జట్టులోనూ చేర్చలేదు. రెండు జట్ల కుటుంబాల స్థితిగతులు సరితూగేలా చూశారు. చివరికి లెక్కలోకి తీసుకున్నది 110 మందిని. వారికి మాటలతో కూడిన పరీక్షలూ, బొమ్మలు, ఆకారాలతో కూడిన పరీక్షలూ పెట్టారు.

తేలినది ఏమిటి? రెండు భాషల పిల్లలకు ఈ రెండు రకాల పరీక్షల్లోనూ ఎక్కువ మార్కులు వచ్చాయి.

ఇంతవరకు చదివి ఆ అమ్మాయి తన సారాంశం చివర ఇలా రాసింది: "రెండు భాషలు నేర్చుకుంటే తెలివి పెరుగుతుందని ఈ పరిశోధన నిరూపించింది." దాచుకోవడం దేనికి, ఆ వాక్యం చదివితే నాకు ఎంతో సంతోషం కలిగింది. ఇరవై ఏళ్లుగా తల్లిదండ్రులకు నేను చెప్పాలనుకుంటున్న మాట అదే. కాని అయిదో ప్రశ్న ఇంకా మిగిలి ఉంది. ఇద్దరం మళ్లీ కూర్చుని చదివాం.

అరకొరగా ఇంగ్లీషు వచ్చినవారిని పక్కన పెట్టారు కదా. రెండో భాషను అంత బాగా పట్టుకున్న పిల్లలు మొదటి నుంచీ చురుకైనవారే అయి ఉండవచ్చు. అప్పుడు భాష వల్ల తెలివి వచ్చిందా, తెలివి వల్ల భాష వచ్చిందా? ఏది ముందో తమ పరిశోధన తేల్చలేదని ఆ రచయితలే ఒప్పుకున్నారు. వాళ్లే అనని మాటను వాళ్ల పేరు మీద మనం ఎలా రాస్తాం? పైగా ఆ తరువాత జరిగిన పరిశోధనల్లో కొన్ని ఇలాంటి మేలునే చూపాయి, మరికొన్నిటిలో తేడా కనబడలేదు.

ఆ అమ్మాయి ముఖం చిన్నబోయింది. "అయితే ఈ వ్యాసం దేనికీ పనికి రాదా సార్?" అంది. పనికివస్తుందమ్మా, అది చెప్పినంత మేరకు పనికివస్తుంది అన్నాను. చివరి వాక్యం కొట్టేసి ఇలా తిరగరాసింది: "ఇంటి స్థితిగతులు సరిచూసి పోల్చినప్పుడు, రెండు భాషలు బాగా వచ్చిన ఈ పిల్లలు వెనుకబడలేదు, వారికే ఎక్కువ మార్కులు వచ్చాయి. దీనికి కారణం భాషేనా అన్నది ఈ పరిశోధన తేల్చలేదు." మొదటి వాక్యంలో ఉన్న జోరు ఇందులో లేదు. కాని క్లాసులో ఎవరు లేచి ప్రశ్నించినా ఇది నిలబడుతుంది.

కాలేజీలో చదివే శ్రోతలకు ఇంకొక్క మాట. సారాంశంలో "నిరూపించింది" అనే మాట రాసేముందు కలం ఆపండి. "కనిపించింది", "సూచిస్తున్నది" అనేవి చాలాసార్లు సరిపోతాయి. వ్యాసంలోని వాక్యాలను ఎత్తి రాయకండి. పుస్తకం మూసి, మీ అమ్మకో నాన్నకో మీ ఇంటి భాషలో ఒకసారి చెప్పి చూడండి. ఎక్కడ తడబడితే అక్కడ మీకింకా అర్థం కాలేదన్నమాట.

ఇక తల్లిదండ్రులకు నేను ఏం చెబుతున్నాను? రెండు భాషలు వస్తే మీ అబ్బాయి మేధావి అవుతాడని చెప్పను. తెలుగు వల్ల బుర్ర చెడుతుందన్న భయాన్ని మాత్రం ఈ వ్యాసం బలపరచడం లేదని చెబుతాను. ఇంకొక సంగతి కూడా చెబుతాను. ఆ మాంట్రియల్ పిల్లలు ఇంటి భాషలోనే బడిలో చదువుకుంటూ రెండో భాషనూ పట్టుకున్నారు. మన పిల్లల్లో చాలామందికి తెలుగు నోటికే వచ్చు గాని చేతికి రాదు. కాబట్టి వాళ్లకు వచ్చిన ఫలితం మనకూ అలాగే వస్తుందనుకోకుండా, రాత్రి భోజనాలయ్యాక పావుగంట పిల్లవాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని తెలుగు అక్షరాలు దిద్దించండి. ఇంటి భాషను పిల్లలకు అందించడానికి ఏ పరిశోధనా అనుమతి ఇవ్వనక్కరలేదు.