దోస, గుమ్మడి పాదులకు చేటు చేయు ఎర్ర పెంకు పురుగు

తిరుత్తణి ప్రాంతము 1960 ఏప్రిల్ 1వ తేదీ వరకు చిత్తూరు జిల్లాలోనిది. ఆపై మదరాసు రాష్ట్రమున చేరి, నేడు తిరువళ్ళూరు జిల్లాలో నున్నది. పాలనము మారినను ఇచ్చటి తెలుగు కుటుంబముల పెరటి పాదులు మారలేదు. వానిపై వ్రాలు పురుగును మారలేదు.

గుమ్మడి, దోస, సొర, బీర గింజలు మొలకెత్తి రెండు బీజదళములు విప్పిన నాడే ఈ పురుగు వచ్చును. నిగనిగలాడు నారింజ ఎరుపు రంగు, మిల్లీమీటర్లలో ఆరు మొదలు ఎనిమిది వరకు పొడవు, గట్టి రెక్కల పెంకు దీని గుర్తులు. శాస్త్రజ్ఞులు దీనిని ఆలకోఫోరా ఫోవికాలిస్ అందురు. వంగను, కాకరను తిను అక్షింతల పురుగుతో దీనిని పొరబడరాదు. ఆ పురుగు వీపున నల్లని చుక్కలుండును, దాని పిల్ల ఆకుమీదనే గోకి తినును. దీని పిల్ల కంటికి కానరాదు.

తెలిసికొనవలసిన ముఖ్యవిషయ మిదియే. తల్లి పురుగు మొక్క మొదట తడినేలలో గ్రుడ్లు పెట్టును. అవి సుమారు ఒకటి రెండు వారములలో పొదుగును. గోధుమరంగు తల, పాలమీగడ వంటి తెల్లని దేహము గల పిల్లపురుగు వేళ్ళలోనికిని, భూమిలోని కాండములోనికిని దొలుచుకొని పోవును. నేలకానిన కాయను సైతము విడువదు. పిదప మట్టిలోనే గూడు కట్టుకొని, రెక్కల పురుగై వెలికి వచ్చును. పచ్చగా ప్రాకిన తీగ నీరున్నను వాడిపోయినచో రైతు తెగులని తలచును. వేరు త్రవ్వి చూచినగాని నిజము తేలదు. ఆకుమీది శత్రువును వేరులోని శత్రువును ఒక్కటే.

దీనికి దోసజాతిపై ఇంత మక్కువ యేల? ఆ మొక్కలలో కుకుర్బిటాసిన్లను చేదు పదార్థములు గలవు. ఇతర కీటకములను తరిమివేయు ఆ చేదే దీనికి రుచి. అట్లయిన చేదుకు పేరుమోసిన కాకరను ఏల విడిచిపెట్టును? కాకర చేదు వేరు జాతిది. 1987లో చంద్రవదన ప్రకటించిన పరిశోధన కాకర ఆకులోని ఒక పదార్థము ఈ పురుగును మేయనీయదని చూపినది. చేదులన్నియు ఒకటి కావని మన వంటయిండ్లలో ఎరిగినదే!

అమెరికాలో దీనికి దాయాదులు గలవు. డయాబ్రోటికా యను ఆ వర్గములో ఒకదాని పిల్ల మొక్కజొన్న వేళ్ళను తినును, పెద్దది దోసపాదులపై వ్రాలును. కావున అచ్చట దానికి రెండు పేర్లు. అవి భారతదేశమున లేవు. మన పురుగు పిల్లలు దోసజాతి వేళ్ళనే తినును. మొక్కజొన్నకు ఇచ్చట భయము 2018లో ప్రవేశించిన కత్తెర పురుగు వలన. అది పెంకు పురుగు కాదు, రెక్కల చిలుక సంతతి. కనుక అమెరికా పుస్తకములలోని సలహాను యథాతథముగా ఇచ్చట పాటించుట వ్యర్థము.

తమిళనాట గుమ్మడిని జూన్, జూలై నెలలలోను, డిసెంబరు, జనవరి నెలలలోను విత్తుట వాడుక. మొలకెత్తిన తొలి రెండు మూడు వారములే ప్రాణసంకట కాలము. నాలుగైదు ఆకులు విచ్చుకొన్న తీగ కొంత తట్టుకొనును. బీజదళములే పోయిన మొక్కకు మరల జీవము లేదు, మరల విత్తవలసినదే. తెల్లవారుజామున చలికి పురుగులు మందముగా నుండును. అప్పుడు ఏరి కిరసనాయిలు కలిపిన నీటిలో వేయుట పెరటివారికి చాలును. జల్లించిన పొయ్యి బూడిదను మంచు తడిగా నుండగనే ఆకులపై చల్లుట పాత పద్ధతి; వాన వెలిసిన పిదప మరల చల్లవలెను. పంట తీసిన వెంటనే తీగలను పెరికి, నేలను లోతుగా దున్నినచో మట్టిలోని గూళ్ళు ఎండకును పక్షులకును గురియగును. ఈ చివరి పనిని మన రైతులు తరచు మరతురు. అన్నిటికంటె ఫలము నిచ్చునది ఇదియే.

మందుల విషయమున కాలము మారినది. ఒకనాడు చల్లిన డి.డి.టి. వ్యవసాయమున 1989లో నిషేధింపబడినది. కార్బరిల్ 2018లో ఆ దారి పట్టినది. నేడు అనుమతిగల మందైనను పూలు విచ్చియుండు ఉదయవేళ కొట్టరాదు. గుమ్మడిలో ఆడపూవు వేరు, మగపూవు వేరు; పుప్పొడిని చేరవేయునది తేనెటీగ. పురుగు చచ్చి తేనెటీగయు చచ్చినచో పాదు నిండ పూలుండును, కాయ యుండదు.