ఏనుగును కొని అంకుశం దగ్గర బేరమా?

మన పెద్దవాళ్ళు ఇల్లు కట్టించేటప్పుడు ముందు పునాది సంగతి చూసుకునేవారు. రంగులూ నగిషీలూ తరువాతి మాట. యీ కాలపు కుర్రవాళ్ళు ఆటల కంప్యూటరు కట్టించుకునేటప్పుడు మాత్రం వరస తిరగబడుతున్నది. ముందు గ్రాఫిక్స్ కార్డు, తరువాత ప్రాసెసరు, ఆపైన అద్దాల క్యాబినెట్టు, అందులో ఏడు రంగులు చిమ్మే ఫ్యాన్లు. ఇన్నీ అయిన తరువాత జేబులో మిగిలిన పన్నెండు వందలకో పదమూడు వందలకో దొరికే పవర్ సప్లై. బజారులో దాన్ని ఎస్.ఎం.పి.ఎస్. అంటారు. ఏనుగును కొని అంకుశం దగ్గర బేరమాడడమంటే ఇదే.

"ఆటల కంప్యూటరు గొడవ మనకెందుకులే" అని పుట తిప్పబోయే తల్లిదండ్రులకు ఒక మనవి. ఆ యంత్రం మీదనే పిల్లవాడు ఇంజనీరింగు బొమ్మలు గీస్తాడు, పాఠాలు వింటాడు, రేపు నాలుగు డబ్బులు సంపాదించే పనీ చేస్తాడు. డెబ్బయి ఎనభై వేలు పోసి కొనే వస్తువు. మధ్యతరగతి ఇంట్లో స్కూటరు తరువాత అంత ఖరీదైనది మరొకటి వుండదేమో! దాన్ని నిలబెట్టేదీ కూలదోసేదీ ఎవరి కంటా పడకుండా అడుగున వున్న ఆ ఇనప డబ్బాయే. కాబట్టి దాని సంగతి ఇంటిల్లిపాదీ తెలుసుకోదగినదే.

డబ్బా చేసే పని

మన గోడలోని ప్లగ్గులో వుండేది 230 వోల్టుల కరెంటు. అది సెకనుకు యాభైసార్లు అటూ ఇటూ ఊగుతుంది. కంప్యూటరు లోపలి భాగాలకు ఆ ఊగులాట పనికిరాదు. వాటికి 12 వోల్టులు, 5 వోల్టులు, 3.3 వోల్టులు, నిలకడగా ఒకే దిక్కున ప్రవహించే కరెంటు కావాలి. పెద్దవాళ్ళు తినే కారపు కూరను పసిబిడ్డకు పెట్టం గదా! మెత్తగా పిసికి, నెయ్యి కలిపి, చిన్న ముద్దలు చేసి పెడతాం. ఎస్.ఎం.పి.ఎస్. చేసేది ఆ పనే. వచ్చిన కరెంటును సెకనుకు వేల సార్లు తుంచి, దించి, వడగట్టి అందిస్తుంది.

దీనికి రెండో పని కూడా వున్నది. అది కాపలా. బయటి కరెంటు పిచ్చెత్తినా, లోపల ఏదైనా షార్టయినా, వేడి మితిమీరినా, తక్షణం సరఫరా ఆపేసి మిగతా భాగాలను కాపాడాలి. మొదటి పని చవక డబ్బా కూడా ఎలాగో చేస్తుంది. రెండో పని దగ్గరే అసలు రంగు బయటపడుతుంది.

ఒకే వీధి, రెండు ఇళ్ళు

యాకుత్‌పురాలో మేముండే సందు ఇరుకైనది. నెత్తిమీద తీగలు పందిరి అల్లుకున్నట్టుంటాయి. ఒక మే నెల సాయంత్రం గాలివాన వచ్చింది. ఉన్నట్టుండి ఇళ్ళల్లో కొన్ని లైట్లు కళ్ళు మిరుమిట్లు గొలిపేలా వెలిగాయి, ఫ్యాన్లు రయ్యిమని తిరిగాయి. మరికొన్ని ఇళ్ళల్లో దీపాలు గుడ్డివైపోయాయి. న్యూట్రల్ తీగ తెగిందని తరువాత తెలిసింది.

సంగతేమిటంటే, వీధిలోకి వచ్చే మూడు ఫేజు తీగలకు ఉమ్మడిగా ఒక న్యూట్రల్ వుంటుంది. ఒక ఫేజూ న్యూట్రలూ కలిసి మన ఇంటికి 230 వోల్టులు ఇస్తాయి. ఫేజుకూ ఫేజుకూ మధ్య మాత్రం 400 వోల్టులుంటాయి. న్యూట్రల్ తెగితే ఇళ్ళ మధ్య ఆ తూకం చెడిపోతుంది. తక్కువ కరెంటు వాడుతున్న ఫేజు మీదికి ఎక్కువ వోల్టేజి వచ్చి పడుతుంది.

ఆ సాయంత్రం ఒకే వరసలోని రెండు ఇళ్ళల్లో కంప్యూటర్లు నడుస్తున్నాయి. మొదటి ఇంట్లో టప్పుమని చప్పుడు, కాలిన వాసన. వాళ్ళ డబ్బా పేరున్న కంపెనీది, నాలుగు వేల ఖరీదుది. అది మాడిపోయింది. కాని మదర్‌బోర్డూ కార్డూ ప్రాసెసరూ క్షేమం. వారంటీలో కొత్త డబ్బా వచ్చింది, పదిహేను రోజుల్లో యంత్రం మళ్ళీ లేచింది.

రెండో ఇంట్లో తల్లి రెండేళ్ళు చీటీ కట్టి, పాడుకున్న డబ్బుతో కొడుక్కి యంత్రం కట్టించింది. దుకాణంవాడు "క్యాబినెట్టుతోపాటు ఇదీ వస్తుందమ్మా, ఐదువందల వాట్లు!" అని డబ్బా అంటగట్టాడు. అది మాడుతూ మాడుతూ మదర్‌బోర్డునూ, ముప్పై వేల కార్డునూ వెంట తీసుకుపోయింది. క్యాబినెట్టుతో వచ్చిన దానికి వారంటీ చీటీ కూడా లేదు. ఆ తల్లి నన్ను అడిగిన మాట ఒక్కటే: "సార్, మావాడు అడిగినవన్నీ కొనిచ్చిన కదా, దేంట్ల తక్కువ చేసిన?" ఆమె దేనిలోనూ తక్కువ చేయలేదు. ఏది చూడాలో ఆమెకు చెప్పినవాళ్ళు లేరు, అంతే.

చీటీ మీది లెక్క

ఐదువందల వాట్లన్న మాట అబద్ధమా? దాదాపు అంతే. ప్రతి ఎస్.ఎం.పి.ఎస్. పక్కన ఒక చీటీ అతికించి వుంటుంది. పెద్ద అక్షరాలను వదిలేసి, కింద వున్న చిన్న గళ్ళ పట్టిక చూడాలి. అందులో 12 వోల్టుల గడి కింద ఎన్ని ఆంపియర్లో రాసివుంటుంది. నేటి కంప్యూటర్లలో ప్రాసెసరూ గ్రాఫిక్స్ కార్డూ తినేది దాదాపు అంతా యీ 12 వోల్టుల గడి నుంచే. ఆ అంకెను పన్నెండుతో హెచ్చవేస్తే అసలు శక్తి తెలుస్తుంది. 18 ఆంపియర్లంటే 216 వాట్లు. 45 ఆంపియర్లంటే 540 వాట్లు. పైన 500 అని వేసి లోపల 216 ఇచ్చే డబ్బాకు ఏ పేరు పెట్టాలో పాఠకులే నిర్ణయించుకోవచ్చు. మూడో తరగతి ఎక్కం వచ్చినవాళ్ళెవరైనా దుకాణంలో నిలబడి చేయగల పరీక్ష ఇది.

డబ్బా వెనక 115, 230 అని రాసిన చిన్న ఎర్ర మీట కనిపిస్తే అది పాతకాలపు నిర్మాణమని గుర్తు. ఎవరో పొరపాటున 115 వైపు జరిపి మన ప్లగ్గులో పెడితే ఢాంమని పేలుతుంది. మంచివాటిలో ఆ మీట వుండదు. చాలావరకు 100 నుంచి 240 వోల్టుల దాకా తామే సర్దుకుంటాయి.

ఎన్ని వాట్లు కావాలి?

రెండో ప్రమాదం దీనికి తిరగబడినది. భయపడి వెయ్యి వాట్లది కొనేస్తారు. ఒక సాధారణ లెక్క చూద్దాం. 2023లో వచ్చిన ఎన్‌విడియా ఆర్.టి.ఎక్స్. 4060 కార్డు 115 వాట్లు తీసుకుంటుంది. ప్రాసెసరుకు 90 అనుకుందాం. మదర్‌బోర్డు, మెమరీ, డిస్కు, ఫ్యాన్లు కలిపి 60. మొత్తం 265. యీ కార్డుకు ఆ కంపెనీయే సూచించేది 550 వాట్ల సరఫరా. సగం బరువు మీద నడిచే డబ్బా చల్లగా, చప్పుడు లేకుండా, పొదుపుగా పనిచేస్తుంది. రేపు కార్డు మార్చినా కొంత జాగా వుంటుంది.

ఆ జాగా ఎందుకంటే, ఆట జోరులో కార్డు ఒక్కొక్కసారి రెప్పపాటులో వెయ్యోవంతుకన్నా తక్కువసేపు మామూలుకన్నా చాలా ఎక్కువ లాగుతుంది. 2022లో ఇంటెల్ ప్రకటించిన ఏ.టి.ఎక్స్. 3.0 నిబంధనల్లో, పెద్ద కార్డుల కొత్త ప్లగ్గు వున్న సరఫరాలు తమ శక్తికి రెండింతల ఉబుకును సెకనులో పదివేలవ వంతు సేపు తట్టుకోవాలని చేర్చింది ఇందుకే.

వెయ్యి వాట్లు కావలసినవాళ్ళు లేకపోలేదు. 2025 జనవరిలో విడుదలైన 5090 కార్డు ఒక్కటే 575 వాట్లు తింటుంది. దానికి కంపెనీ చెప్పేదీ వెయ్యే. ఐతే ఆ కార్డు ధరతో మన సందులో రెండు పెళ్ళిళ్ళు చేయవచ్చు. ఒక అపోహ కూడా తొలగించుకుందాం. వెయ్యి వాట్ల డబ్బా పెట్టినంతమాత్రాన మీటరు వెయ్యి వాట్లకు తిరగదు. లోపలి యంత్రం అడిగినంతే లాగుతుంది.

కంచు ముద్ర, బంగారు ముద్ర

యాకూత్ అంటే కెంపు. యీ కెంపులపేట పిల్లలు ఇప్పుడు బ్రాంజు, గోల్డు అని మాట్లాడుకుంటున్నారు. అవి 2004లో అమెరికాలో మొదలైన 80 ప్లస్ అనే పరీక్ష తాలూకు ముద్రలు. గోడ నుంచి తీసుకున్న కరెంటులో కనీసం నూటికి 80 వంతులు లోపలికి అందించి, మిగిలినది మాత్రమే వేడిగా పారేస్తే ముద్ర వేస్తారు. 115 వోల్టుల మీద, సగం బరువు దగ్గర, కంచుకు 85, బంగారానికి 90 రావాలి.

బంగారం కొంటే కరెంటు బిల్లు తగ్గుతుందా? మన 265 వాట్ల యంత్రానికి రెంటి మధ్య తేడా సుమారు 17 వాట్లు. రోజుకు నాలుగు గంటలు ఆడినా ఏడాదికి 25 యూనిట్లే. దానికోసం రెండు మూడు వేలు ఎక్కువ పెట్టనక్కరలేదు. ముద్ర పొదుపును చెబుతుంది గాని, కాపలా ఎంత గట్టిదో చెప్పదు. అందుకు చూడవలసినవి వేరే వున్నాయి. అధిక వోల్టేజి, అధిక కరెంటు, షార్ట్ సర్క్యూట్, వేడి, వీటికి రక్షణ వుందని పెట్టె మీద రాశారా? వారంటీ మూడేళ్ళా, ఐదేళ్ళా, పదేళ్ళా? శక్తిని ఎంత వేడిలో కొలిచారు, 40 డిగ్రీలలోనా, 50 డిగ్రీలలోనా? మే నెలలో డాబా కింది గదిలో కూర్చునే మనకు యీ చివరి ప్రశ్న చిన్నదేమీ కాదు.

ఇంటి కరెంటు కూడా చూడాలి

ఎంత మంచి డబ్బా కొన్నా ఇంట్లో ఎర్తింగు లేకపోతే సగం ప్రయోజనం పోయినట్టే. పాతబస్తీ పాత ఇళ్ళల్లో క్యాబినెట్టు ముట్టుకుంటే వేళ్ళు జివ్వుమనడం చాలామందికి అనుభవమే. డబ్బాలోని వడపోత భాగం కొద్దిపాటి కరెంటును ఎర్తు తీగలోకి వదులుతుంది. ఆ తీగ లేనప్పుడు అది ఇనప ఒంటిమీదే నిలిచి, ముట్టుకున్నవాళ్ళ ద్వారా దారి వెతుక్కుంటుంది. "కంప్యూటరు చెడిపోయింది" అనుకోకుండా ఎలక్ట్రీషియన్ను పిలిచి ఎర్తు చూపించాలి. మూడో పుల్ల విరిచి రెండు పుల్లల సాకెట్టులో దూర్చడం పసిపిల్లలున్న ఇంట్లో చేయరాని పని.

కరెంటు పోతే యంత్రం ఠక్కున ఆగకుండా యూపీఎస్ పెడతారు. 600 వి.ఏ. అని వుండేది మామూలుగా 360 వాట్లే మోస్తుంది. మన యంత్రం గోడ నుంచి లాగేది 310, మానిటరుకు 30. అంటే గొంతుదాకా వచ్చినట్టే. వెయ్యి వి.ఏ. ప్రాంతంలోది తీసుకోవడం మేలు. అది ఆట సాగించడానికి కాదు, పని భద్రపరచుకొని యంత్రం ఆపుకోవడానికి.

మరి రెండు జాగ్రత్తలు. విడదీసే తీగలున్న డబ్బాలలో ఒకదాని తీగలు ఇంకోదానికి పెట్టరాదు. ప్లగ్గు సరిపోయినట్టే వుంటుంది గాని లోపలి వరస కంపెనీకొక తీరు, భాగాలు కాలిపోతాయి. ఇక పాడైన డబ్బాను పిల్లలు విప్పి చూడరాదు. ప్లగ్గు తీసిన తరువాత కూడా లోపలి కెపాసిటర్లలో మూడువందల వోల్టులకు పైగా నిలిచివుండవచ్చు.

బజారుకు వెళ్ళేటప్పుడు

యాకుత్‌పురా స్టేషనులో లోకల్ రైలెక్కితే మలక్‌పేట, కాచిగూడల మీదుగా సికింద్రాబాదు చేరవచ్చు. అక్కడి పార్క్ లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటరులో వరసగా కంప్యూటరు దుకాణాలే. పిల్లవాడి వెంట పెద్దవాళ్ళొకరు వెళ్ళండి. కార్డు ఎంపిక వాడికి వదిలేయండి, అది వాడి చదువు. డబ్బా దగ్గర మాత్రం మీరు కళ్ళజోడు పెట్టుకోండి. 12 వోల్టుల గడిలో ఆంపియర్లెన్ని, వారంటీ ఎన్నేళ్ళు, బిల్లు మీద డబ్బా పేరూ నంబరూ వేశారా, యీ మూడూ చూడండి. అధాటున డబ్బు చాలకపోతే రంగుల ఫ్యాన్లు రెండు తగ్గించమనండి, అవి వచ్చే దీపావళికైనా కొనుక్కోవచ్చు.