రాణిపేట పసుపు నీళ్లు: శుద్ధి కేంద్రం ఏం చేస్తుంది?

తమిళనాడులోని రాణిపేటలో తోళ్లను ఊనేందుకు వాడే క్రోమియం రసాయనాలు తయారుచేసిన ఫ్యాక్టరీ 1990లలో మూతపడింది. లక్షన్నర టన్నులకు పైగా వ్యర్థాన్ని అక్కడే గుట్టపోసి వెళ్లారు. వాన పడ్డప్పుడల్లా అందులోని హెక్సావలెంట్ క్రోమియం కరిగి భూమిలోకి దిగుతుంది. నీళ్లు పసుపెక్కుతాయి. ఇది క్యాన్సర్ కారకం. తాగునీటిలో మొత్తం క్రోమియం లీటరుకు 0.05 మిల్లీగ్రాములు మించకూడదు.

శుద్ధి కేంద్రంలో బోర్లతో ఆ నీటిని తోడి ఫెర్రస్ సల్ఫేట్ కలుపుతారు. క్రోమియం అంతగా విషం కాని ట్రైవలెంట్ రూపంలోకి మారుతుంది. సున్నం వేస్తే బురదగా అడుగుకు దిగుతుంది, పైన తేటనీరు మిగులుతుంది. మరి బురద? అదీ ప్రమాదకర వ్యర్థమే. దాన్ని ఏ వాడ పక్కన పూడుస్తారో ప్లాంటు కట్టకముందే అడగాలి. తోలు పనిని మనకు అంటగట్టిన కులమే చెత్తకుప్పకూ చోటు చూపిస్తుంది కదా! గుట్టను కదిలించకుండా నీళ్లు మాత్రమే తోడితే, వచ్చే వానకు బోర్లలో మళ్లీ పసుపే.