వివరణ: నివేదికలో ‘పామేడు’ పేరు ఖాళీ గడులుగా ఎందుకు మారుతుంది?

ఊరూరా సేకరించిన లెక్కలను పట్టికలుగా, చిత్రపటాలుగా మార్చి అధికారుల ముందుంచేది రిపోర్టింగ్ సాఫ్ట్‌వేర్. వ్యాపార సంస్థల్లో అమ్మకాల లెక్కలకు మొదలైన ఈ సాధనాలనే నేడు ప్రభుత్వ శాఖలు ఆరోగ్యం, రేషన్, ఉపాధి వంటి పథకాల పర్యవేక్షణకు వాడుతున్నాయి. సర్వర్ వనరుల కేటాయింపు, భాషా అమరికలు అనే రెండు విషయాల్లో పొరపాటు జరిగితే నివేదిక ఆగిపోతుంది. లేదా అంతకంటే ప్రమాదకరంగా, తప్పు లెక్కతో సజావుగా ముద్రితమవుతుంది. రెండు రాష్ట్రాలు, పలు భాషలు కలిసే సరిహద్దు గ్రామాల విషయంలో ఈ ముప్పు ఎక్కువ. ఛత్తీస్‌గఢ్‌లోని పామేడు ఇందుకు తగిన ఉదాహరణ.

ఒకే ఊరు, అనేక చిరునామాలు

బస్తర్ ప్రాంతంలోని బీజాపూర్ జిల్లా ఉసూరు బ్లాకులో, తెలంగాణ సరిహద్దును ఆనుకొని పామేడు ఉంది. అడవిదున్నల రక్షణకు ఏర్పాటైన అభయారణ్యానికి కూడా ఇదే పేరు. పామేడు వాసులు తమ జిల్లా కేంద్రానికి వెళ్లాలంటే ఏళ్ల తరబడి తెలంగాణలోని చర్ల మీదుగా చుట్టుతిరిగి ప్రయాణించేవారు. సంతకైనా, వైద్యానికైనా చర్ల, భద్రాచలం వైపు రావడం ఇక్కడ పరిపాటి. కార్యాలయ భాష హిందీ. ఇళ్లలో, సంతలో వినిపించేవి గోండి, కోయ, దోర్లి, తెలుగు.

పరిపాలనా చిరునామా కూడా స్థిరంగా లేదు. 1998 వరకు ఈ ప్రాంతం మధ్యప్రదేశ్‌లోని అవిభక్త బస్తర్ జిల్లాలో ఉండేది. ఆ సంవత్సరం దంతేవాడ జిల్లాలోకి, 2000 నవంబరు 1న ఛత్తీస్‌గఢ్ రాష్ట్రంలోకి, 2007లో బీజాపూర్ జిల్లాలోకి మారింది. సరిహద్దుకు ఇవతల 2014లో తెలంగాణ రాష్ట్రం, 2016లో భద్రాద్రి కొత్తగూడెం జిల్లా ఏర్పడ్డాయి. ఇది చాలదన్నట్టు కర్ణాటకలోనూ ఒక బీజాపూర్ ఉండేది. 2014 నవంబరులో దానికి విజయపుర అని పేరు మార్చారు. జిల్లా పేరును మాత్రమే ఆధారం చేసుకొని పాత లెక్కలను కూడితే ఏది ఏ బీజాపూరో యంత్రానికి తెలియదు.

ఉదాహరణకు పామేడు వాసి ఒకరు జ్వరంతో సరిహద్దు దాటి తెలంగాణ ఆసుపత్రికి వచ్చారనుకుందాం. పరీక్షలో మలేరియా అని తేలింది. ఊరి పేరు తెలుగులో నమోదైంది. ఆ సమాచారం పొరుగు రాష్ట్రానికి చేరినా, అక్కడి జాబితాలో హిందీలో ఉన్న పేరుతో ఇది సరిపోలకపోతే పామేడు ఎదురుగా ‘సున్న’ కనిపిస్తుంది. దోమతెరలు, మందులు, సిబ్బంది ఎక్కడికి వెళ్లాలో నిర్ణయించేది ఆ అంకెలే. మలేరియా నిర్మూలనకు 2020లో ప్రత్యేక ఉద్యమం చేపట్టాల్సి వచ్చిన బస్తర్‌లో ఇది చిన్న విషయం కాదు.

భాషను ఎన్నిచోట్ల అమర్చాలి?

‘భాష: తెలుగు’ అని ఒక్కచోట ఎంచుకుంటే పని పూర్తయిందని చాలామంది భావిస్తారు. నిజానికి భాషకు సంబంధించిన నిర్ణయాలు నాలుగు దశల్లో ఉంటాయి: నిల్వ, పోలిక, ప్రదర్శన, ముద్రణ.

మొదటిది నిల్వ. ‘పామేడు’ అనే మాటలో చదువరికి కనిపించేవి మూడు అక్షరాలు. యూనికోడ్ లెక్కలో అవి ఆరు సంకేతాలు: ప, దీర్ఘం, మ, ఏత్వం, డ, కొమ్ము. యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో తెలుగు సంకేతానికి మూడు బైట్లు కావాలి కనుక మొత్తం 18 బైట్లు. అదే పేరును ఇంగ్లిషులో రాస్తే ఐదు బైట్లు చాలు. ఇంగ్లిషు పేర్లను దృష్టిలో పెట్టుకొని గడికి 15 బైట్ల పరిమితి విధించారనుకుందాం. కొన్ని డేటాబేస్‌లు ఆ వరుసను తిరస్కరిస్తాయి. కొన్ని దిగుమతి ప్రోగ్రాములు చివరి సంకేతాన్ని కత్తిరించి ‘పామేడ’ అని దాచుకుంటాయి. రెండోదే ఎక్కువ ప్రమాదం. అందులో దోషం ఎక్కడా నమోదు కాదు. గడి పరిమాణాన్ని బైట్లలో కాక సంకేతాల సంఖ్యలో నిర్దేశించడం దీనికి పరిష్కారం.

మైక్రోసాఫ్ట్ ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో మరో చిక్కు ఉంది. తెలుగుకు పాతకాలపు విండోస్ సంకేత పట్టిక లేదు. యూనికోడ్ ఒక్కటే దారి. యూనికోడ్‌కు ఉద్దేశించని సాధారణ గడిలో ‘పామేడు’ అని రాస్తే ఆరు ప్రశ్నార్థకాలు మిగులుతాయి. ఒకసారి అలా మారిన పేరును తిరిగి రాబట్టడం అసాధ్యం.

కంటికి ఒకటే, యంత్రానికి వేరు

రెండోది పోలిక. ‘ఛత్తీస్‌గఢ్’ అనే తెలుగు మాటలో ‘స్’ తర్వాత కంటికి కనిపించని ఒక సంకేతం ఉంటుంది. ‘గ’ ఒత్తుగా మారకుండా ఆపేది అదే. ఒక కార్యాలయంలో ఆ సంకేతంతో, మరోచోట అది లేకుండా టైపు చేస్తే కంప్యూటర్ దృష్టిలో అవి రెండు రాష్ట్రాలు. నివేదికలో రెండు వరుసలు, రెండు మొత్తాలు వస్తాయి.

హిందీలోనూ ఇదే సమస్య. ఆ రాష్ట్రం పేరు చివరి అక్షరం కింద చుక్క ఉంటుంది. ఆ అక్షరాన్ని ఒకే సంకేతంగా రాయవచ్చు. అక్షరం, చుక్క అని రెండు సంకేతాలుగానూ రాయవచ్చు. తెరపై తేడా తెలియదు. యూనికోడ్ ప్రామాణీకరణ నియమాలు రెండింటినీ ఒకే రూపంలోకి తెస్తాయి. అయితే డేటాబేస్‌లు ఆ పనిని సాధారణంగా తమంతట తాము చేయవు. సమాచారం లోపలికి వచ్చే చోటే చేయించాలి. కంటికి కనిపించని సంకేతం ఈ ప్రామాణీకరణతోనూ తొలగిపోదు కనుక దానికి వేరే నియమం పెట్టుకోవాలి.

అకారాది క్రమం కూడా ఈ దశలోనిదే. యూనికోడ్ పట్టికలో నిండుసున్న స్థానం ‘అ’ కంటే ముందు ఉంటుంది. వర్ణమాలలో అది అచ్చుల తర్వాత వస్తుంది. భాషానుసారం క్రమం అమర్చకపోతే ఊళ్ల జాబితా నిఘంటువు వరుసలో కాక సంకేతాల వరుసలో వస్తుంది. వెతికే వ్యక్తి తన ఊరు జాబితాలో లేదనుకునే అవకాశం ఉంది.

అన్నింటికంటే భద్రమైన మార్గం పేర్లను కాక కోడ్‌లను ఆధారం చేసుకోవడం. కేంద్ర పంచాయతీరాజ్ శాఖ నిర్వహించే స్థానిక ప్రభుత్వ డైరెక్టరీలో రాష్ట్రం మొదలు గ్రామం వరకు ప్రతిదానికీ ఒక సంఖ్య ఉంటుంది. ఛత్తీస్‌గఢ్ సంఖ్య 22, తెలంగాణది 36. లెక్కలన్నీ సంఖ్యలతో కలిపి, పేరును ప్రదర్శన సమయంలో మాత్రమే చేర్చితే భాష మారినా లెక్క మారదు.

తెర భాష వేరు, సమాచార భాష వేరు

మూడోది ప్రదర్శన. ఇక్కడ డీహెచ్ఐఎస్2 అనే ఆరోగ్య సమాచార సాఫ్ట్‌వేర్ మంచి పాఠం చెబుతుంది. దక్షిణాఫ్రికాలో 1990లలో పుట్టి, ఓస్లో విశ్వవిద్యాలయం సమన్వయంతో అభివృద్ధి చెందిన ఈ స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌కు తెలుగు నేలతో పాత బంధం ఉంది. దీని తొలి రూపాన్ని భారత్‌లో 2000 దశకం ఆరంభంలో చిత్తూరు జిల్లా కుప్పం ప్రాంతంలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలలో ప్రయోగించారు. రెండో రూపం 2006లో కేరళలో తొలిసారి అమలైంది.

ఇందులో ప్రతి వినియోగదారుకు రెండు వేర్వేరు భాషా ఎంపికలు ఉంటాయి. ఒకటి తెర మీది బొత్తాలు, సూచనల భాష. రెండోది గ్రామాలు, వ్యాధులు, సూచికల వంటి సమాచారం పేర్ల భాష. మొదటిదాన్ని సాఫ్ట్‌వేర్ తయారీదారులు అనువదిస్తారు. రెండోదాన్ని వాడే శాఖే అనువదించుకోవాలి. అనువాదం లేనిచోట మూలభాషలోని పేరే కనిపిస్తుంది. అందుకే సగం తెలుగు, సగం ఇంగ్లిషుగా ఉన్న నివేదికలు ఎదురవుతాయి. అది లోపం కాదు, అసంపూర్తిగా మిగిలిన పని.

సంఖ్యలు, తేదీలు సైతం భాషా అమరికలో భాగమే. అమెరికా అమరికలో 1,234,567 అని వచ్చే సంఖ్య భారతీయ అమరికలో 12,34,567 అవుతుంది. 03/04/2025 అనేది మనకు ఏప్రిల్ 3. అమెరికా పద్ధతిలో మార్చి 4. సర్వర్ గడియారం అంతర్జాతీయ ప్రామాణిక సమయంలో ఉంటే మన కాలమానం దానికంటే ఐదున్నర గంటలు ముందుంటుంది. 1వ తేదీ తెల్లవారుజామున 4 గంటలకు జరిగిన ప్రసవం నెలాఖరు లెక్కలో పడిపోతుంది.

గోండి, కోయ మాట్లాడేవారి సమస్య ఇంకా మౌలికమైనది. 2011 జనగణన ప్రకారం దేశంలో గోండి మాతృభాషగా గలవారు సుమారు 29.8 లక్షల మంది. గోండి లిపులైన మసారం, గుంజాల 2017, 2018 సంవత్సరాల్లో యూనికోడ్‌లో చేరాయి. లిపి చేరినంత మాత్రాన తేదీలు, నెలల పేర్లు, తెర సూచనలు ఆ భాషలో సిద్ధంగా ఉండవు. వాటిని ఎవరో ఒకరు తయారుచేయాలి.

తెరపై బాగుంది, కాగితంపై గడులు

నాలుగోది ముద్రణ. తెరపై కనిపించే అక్షరాలను గీసేది వినియోగదారు ముందున్న కంప్యూటర్. పీడీఎఫ్ తయారయ్యేది సర్వర్‌లో. లినక్స్ సర్వర్‌లో తెలుగు ఫాంటు లేకపోతే ‘పామేడు’ స్థానంలో ఖాళీ గడులు వస్తాయి. నోటో సాన్స్ తెలుగు వంటి ఉచిత ఫాంటును సర్వర్‌లో స్థాపించి, పీడీఎఫ్‌లో పొందుపరచాలి.

ఫాంటు ఉన్నా సరిపోదు. గుణింతాలను, ఒత్తులను సరైన చోట పేర్చే సామర్థ్యం పీడీఎఫ్ తయారుచేసే భాగానికి ఉండాలి. పాత పరికరాల్లో అది లేక ఒత్తులు విడిపోతాయి. జాస్పర్‌రిపోర్ట్స్ వంటి సాధనాల్లో ఇందుకు ప్రత్యేక అమరిక ఉంది. సీఎస్‌వీ ఫైలును ఎక్సెల్‌లో నేరుగా తెరిచినప్పుడు తెలుగు స్థానంలో అర్థంకాని గుర్తులు వస్తే, ఫైలు ఆరంభంలో యూటీఎఫ్-8 అని తెలిపే గుర్తు లేకపోవడమే సాధారణంగా కారణం.

జ్ఞాపకశక్తిని ఎలా పంచాలి?

సర్వర్ వనరుల్లో మొదట ఆలోచించాల్సింది మెమొరీ. జావాతో నడిచే సాఫ్ట్‌వేర్‌కు గరిష్ఠ పరిమితి చెప్పకపోతే యంత్రంలోని మెమొరీలో నాలుగో వంతుతో సరిపెట్టుకుంటుంది. లక్షల వరుసల నివేదికకు అది చాలకపోవచ్చు. అంతా జావాకే ఇస్తే డేటాబేస్ ఊపిరాడక ఆగుతుంది.

పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో ఉమ్మడి మెమొరీ అప్రమేయంగా 128 ఎంబీ మాత్రమే. డేటాబేస్ ఒక్కటే ఉన్న యంత్రంలో నాలుగో వంతు నుంచి మొదలుపెట్టమని దాని మార్గదర్శకం సూచిస్తుంది. అసలు జాగ్రత్త వహించాల్సింది ‘వర్క్ మెమొరీ’ విషయంలో. అప్రమేయంగా 4 ఎంబీ ఉండే ఇది మొత్తం సర్వర్‌కు కాదు; ఒక్కో ప్రశ్నలోని ఒక్కో వరుసక్రమ చర్యకు వర్తిస్తుంది. దాన్ని 64 ఎంబీకి పెంచి, 100 మంది ఒకేసారి నివేదిక అడిగితే చర్యకు ఒక్కటి చొప్పున చూసినా 6,400 ఎంబీ కావాలి.

16 జీబీ యంత్రంలో రెండూ కలిసి నడుస్తున్నాయనుకుంటే పంపకం ఇలా ఉండవచ్చు: జావాకు 6 జీబీ, ఉమ్మడి మెమొరీకి 4 జీబీ, 40 కనెక్షన్లకు 32 ఎంబీ చొప్పున సుమారు 1.3 జీబీ. మిగిలిన 4.7 జీబీ ఆపరేటింగ్ వ్యవస్థకు, ఫైళ్ల తాత్కాలిక నిల్వకు. ఇది ఆరంభం మాత్రమే; నెలాఖరు రద్దీలో వాడకం చూసి సవరించాలి.

మెమొరీ పెంచడం ఒక్కటే మార్గం కాదు. బరువైన లెక్కలను రాత్రివేళ ముందుగానే సిద్ధం చేయవచ్చు. డీహెచ్ఐఎస్2 ఇలాగే విశ్లేషణ పట్టికలను నిర్ణీత వేళలో తయారుచేస్తుంది. పగలు నమోదైన లెక్క ఆ పట్టికలు మళ్లీ తయారయ్యే వరకు చిత్రపటంలో కనిపించదు. ఈ సంగతి సిబ్బందికి చెప్పకపోతే సమాచారం పోయిందనుకొని మళ్లీ నమోదు చేస్తారు. నెట్‌వర్క్ బలహీనంగా ఉండే అటవీ ప్రాంతాల్లో, జవాబు రాలేదని అదే బొత్తాన్ని పదేపదే నొక్కడం మరో భారం. ముందుగా తయారైన చిన్న పీడీఎఫ్‌ను పంపడం అక్కడ మేలు.

భాష, వనరులు కలిసేచోట

ఈ రెండు అమరికలు వేర్వేరు కావు. అకారాది క్రమం నియమాన్ని పోస్ట్‌గ్రెస్‌లో డేటాబేస్ సృష్టించేటప్పుడే నిర్ణయించాలి. తర్వాత మొత్తంగా మార్చాలంటే కొత్త డేటాబేస్ నిర్మించి సమాచారం తరలించాల్సిందే. ఆ నియమం ప్రకారమే సూచీలు తయారవుతాయి. 2018లో లినక్స్ మూల గ్రంథాలయం కొత్త కూర్పులో క్రమ నియమాలు మారడంతో, ఆపరేటింగ్ వ్యవస్థను నవీకరించినవారు పాత సూచీలను తిరిగి నిర్మించాల్సి వచ్చింది. నిర్మించకపోతే ఉన్న వరుస కూడా వెతుకులాటలో దొరకదు. నివేదికను మూడు భాషల్లో ఇస్తే తాత్కాలిక నిల్వ మూడింతలు అవసరమవుతుందన్నదీ గుర్తుంచుకోవాలి.

అమలుకు ముందు చేయాల్సిన పరీక్ష

కొత్త వ్యవస్థను అప్పగించుకునే ముందు శాఖలు కొన్ని చిన్న పరీక్షలు చేయించవచ్చు.

• పామేడు, ఛత్తీస్‌గఢ్ వంటి పేర్లను తెలుగు, హిందీ, ఇంగ్లిషుల్లో నమోదు చేసి, భద్రపరిచి, తిరిగి తెరిచి చూడాలి.

• అదే నివేదికను పీడీఎఫ్‌గా, సీఎస్‌వీగా దింపుకొని కాగితంపై ముద్రించాలి.

• భాష మార్చి మళ్లీ తీయాలి. పేర్లు మారాలి, మొత్తాలు ఒక్క అంకె కూడా మారకూడదు.

• నెల మొదటి తేదీ తెల్లవారుజామున ఒక నమోదు చేసి అది ఏ నెలలో పడుతుందో చూడాలి.

• నెలాఖరున ఎంతమంది ఒకేసారి వాడతారో అంతమందితో ఒకసారి నడిపించాలి.

వీటికి ఖరీదైన పరికరాలు అక్కర్లేదు, ఒక పూట సమయం చాలు. పరీక్షకు హైదరాబాద్, రాయ్‌పుర్ వంటి పేర్లను కాక సరిహద్దు ఊళ్ల పేర్లను ఎంచుకోవడం ముఖ్యం. రాజధానుల పేర్లు తప్పుగా వస్తే వెంటనే ఎవరో ఒకరు గమనిస్తారు. మారుమూల గ్రామం వరుస తప్పిపోతే, అక్కడ జ్వరంతో ఉన్నవారికి తప్ప మరొకరికి తెలియదు.