వచ్చే నెల ఏ పుస్తకం చదువుదాం?

పదకొండు మంది కలిసి సినిమాకి వెళ్ళాలంటేనే ఏ సినిమా అన్న దగ్గర గంటసేపు తగువవుతుంది. సినిమా అయితే మూడు గంటల్లో అయిపోతుంది. పుస్తకం అలా కాదు, నచ్చినా నచ్చకపోయినా నెల రోజులు వెంట ఉంటుంది. మరి పదకొండు మందీ చదవాల్సిన ఆ ఒక్క పుస్తకాన్ని ఎవరు ఎంచాలి? ఎలా ఎంచాలి? చూడ్డానికి చిన్న ప్రశ్నే. కాని ఈ ప్రశ్న దగ్గరే మా బృందం ఒకసారి విడిపోయేదాకా వచ్చింది. సంచికకు సైన్సు వ్యాసం ఇమ్మని మిత్రులు అడిగినప్పుడు నాకు ఇదే గుర్తొచ్చింది. ఇందులో సైన్సేముంది అనుకోకండి. ఉంది. కాస్త ఓపిక పడితే మీకే తెలుస్తుంది.

మాది పూడిమడక. ఇప్పటి అనకాపల్లి జిల్లా అచ్యుతాపురం మండలంలో సముద్రపు ఒడ్డునున్న ఊరు. ఊళ్ళో వేట మీద బతికే ఇళ్ళే ఎక్కువ. మాది మాత్రం వ్యవసాయం. వరీ, కొంచెం చెరకూను. తలో కాలేజీలో చదువుకుంటున్న మా చుట్టుపక్కల కుర్రాళ్ళూ ఆడపిల్లలూ కలిసి పదకొండు మందిమి నెలకొక పుస్తకం చదివి, నెలాఖరు ఆదివారం ఒకచోట కూర్చుని మాట్లాడుకుంటాం. దీనికి పేరూ లేదు, అధ్యక్షుడూ లేడు, చందా అంతకన్నా లేదు. ఇలాంటిదాన్ని పట్నాల్లో బుక్ క్లబ్ అంటారని తరవాత తెలిసింది.

ఒక నెల మూడు పేర్లు ముందుకొచ్చాయి. మొదటిది నండూరి రామమోహనరావు గారి ‘విశ్వరూపం’. గ్రహాల గురించీ నక్షత్రాల గురించీ తేట తెలుగులో రాసిన సైన్సు పుస్తకం. రెండోది తకళి శివశంకర పిళ్ళై మలయాళ నవల ‘చెమ్మీన్’కి తెలుగు అనువాదం. 1956లో వచ్చిన ఈ నవల కేరళ తీరంలోని మత్స్యకారుల కథ. 1957లో దానికి సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. మూడోది డాక్టర్ పి. శ్రీదేవి గారి ‘కాలాతీత వ్యక్తులు’. ఆవిడ మన అనకాపల్లిలోనే పుట్టారు. 1957-58 ప్రాంతంలో ‘తెలుగు స్వతంత్ర’ పత్రికలో సీరియల్‌గా వచ్చిన ఈ నవల విశాఖపట్నంలో నడుస్తుంది. 1963 నాటి ‘చదువుకున్న అమ్మాయిలు’ సినిమాకి మూలం ఇదే.

చేతులెత్తమన్నాం. ‘విశ్వరూపం’కి అయిదు చేతులు, ‘చెమ్మీన్’కి నాలుగు, ‘కాలాతీత వ్యక్తులు’కి రెండు లేచాయి. అయిదే ఎక్కువ గనక ‘విశ్వరూపం’ ఖాయం అన్నాం. ఆ అయిదుగురిలో నేనూ ఉన్నాను. నెగ్గామన్న హుషారులో మిగతావాళ్ళ ముఖాలు చూడలేదు. నెలాఖరు ఆదివారం వచ్చింది. చేతులెత్తిన అయిదుగురమే వచ్చాం. తక్కిన ఆరుగురూ రాలేదు.

ఎందుకు రాలేదని వాళ్ళలో ఒక మిత్రుణ్ణి అడిగాను. వేటకెళ్ళే ఇంటి కుర్రాడు, వాళ్ళింట్లో కాలేజీ గడప తొక్కిన మొదటివాడు.

“మీరే ఎంచుకున్నారు, మీరే సదువుకోండి. మద్దిన మావెందుకు?” అన్నాడు.

“‘చెమ్మీన్’ మీద నీకంత పట్టుదలేటిరా?” అన్నాను.

“ఒడ్డున పెళ్ళాం తప్పు చేస్తే సముద్రం మొగుణ్ణి మింగేస్తాదని అందులో ఉందట. మా అమ్మ ఎన్ని రాత్రులు ఒడ్డున నిలబడి ఎదురు చూసిందో ఆ రాసినాయనకి తెలుసేటి? దెబ్బలాడ్డానికైనా ముందు సదవాలి గదా!”

ఆ మాట నన్ను చాలా రోజులు వదల్లేదు. నాకు పుస్తకం కాలక్షేపం. వాడికి అది తేల్చుకోవలసిన లెక్క. మేము చేతులు లెక్కపెట్టి ఆ సంగతి అక్కడితో కట్టేశాం.

ఇతరులు ఎలా ఎంచారు?

అప్పుడు నేను ఇలాంటి సంఘాల చరిత్ర కొంత వెతికాను. 1926లో న్యూయార్కులో ‘బుక్ ఆఫ్ ది మంత్ క్లబ్’ మొదలైంది. అక్కడ అప్పట్లో సభ్యులు ఎంచేవారు కాదు. అయిదుగురు న్యాయనిర్ణేతలు ఎంచిన పుస్తకం టపాలో ఇంటికొచ్చేది. వాళ్ళ మొదటి ఎంపిక సిల్వియా టౌన్సెండ్ వార్నర్ అనే ఆవిడ రాసిన ‘లాలీ విల్లోస్’ నవల. వద్దనుకున్నవాళ్ళు ముందుగా జాబు రాసి చెప్పాలని తరవాత ఒక పద్ధతి పెట్టారు. రాయకపోతే పుస్తకం వచ్చేసేది. మనిషి బద్ధకాన్ని బాగా ఎరిగినవాళ్ళ ఏర్పాటు!

1936లో లండన్‌లో విక్టర్ గొలాంజ్ అనే ప్రచురణకర్త ‘లెఫ్ట్ బుక్ క్లబ్’ పెట్టాడు. ఆయనా, హెరాల్డ్ లాస్కీ, జాన్ స్ట్రేచీ కలిసి నెలనెలా పుస్తకం ఎంచేవారు. 1939 నాటికి సభ్యులు యాభై వేలు దాటారు. ఊరూరా చర్చా బృందాలు వెలిశాయి. 1948లో అది మూతపడింది. మన తెలుగువాళ్ళలో చెప్పుకోదగ్గది 1998లో మొదలైన డెట్రాయిట్ తెలుగు లిటరరీ క్లబ్. అమెరికాలో ఉంటూ, ఒక పుస్తకాన్ని ముందుగా ఎవరికి వారు చదువుకుని, తరవాత ఒకచోట చేరి చర్చించుకునేవాళ్ళ సంఘం అది.

తెలిసినవాళ్ళు ఎంచితే మంచి పుస్తకమే వస్తుంది, సందేహం లేదు. కాని మాలో అంత తెలిసినవాడెవడూ లేడు. ఉన్నా, ఎవరో ఎంచిన పుస్తకాన్ని చదవకుండా పక్కన పడేయడం తేలిక. కాబట్టి ఎంపిక అందరిదీ కావాలి. అంటే ఓటే దారి. ఓటు ఎలా వెయ్యాలన్నదే అసలు చిక్కు.

అవే చీటీలు, మూడు ఫలితాలు

ఇంటింటికీ తిరిగి బతిమాలి మళ్ళీ అందర్నీ కూడేశాం. ఈసారి చేతులెత్తలేదు. తలా ఒక చీటీ ఇచ్చి, ఆ మూడు పేర్లనే ఎవరి ఇష్టం ప్రకారం వాళ్ళు వరసగా రాయమన్నాం. విప్పి చూస్తే ఇలా ఉంది:

అయిదు చీటీల్లో: విశ్వరూపం, కాలాతీత వ్యక్తులు, చెమ్మీన్.
నాలుగు చీటీల్లో: చెమ్మీన్, కాలాతీత వ్యక్తులు, విశ్వరూపం.
రెండు చీటీల్లో: కాలాతీత వ్యక్తులు, చెమ్మీన్, విశ్వరూపం.

మొదటి పేర్లు మాత్రమే లెక్కిస్తే పాత ఫలితమే. ‘విశ్వరూపం’ అయిదు ఓట్లతో నెగ్గుతుంది. కాని ఆరు చీటీల్లో దాని పేరు అట్టడుగున ఉంది. ఆరోజు రానివాళ్ళు కూడా ఆరుగురే! చేతులెత్తినప్పుడు ఈ సంగతి మాకు కనపడలేదు, ఎందుకంటే మేము అడగలేదు.

రెండో పద్ధతి చూద్దాం. అందరికన్నా తక్కువ ఓట్లు వచ్చినదాన్ని తీసేసి, మిగిలిన రెంటి మధ్య మళ్ళీ లెక్కించాలి. ‘కాలాతీత వ్యక్తులు’ పోతుంది. ఆ ఇద్దరి రెండో ఇష్టం ‘చెమ్మీన్’ గనక దానికి నాలుగూ రెండూ ఆరు. ‘విశ్వరూపం’కి అయిదే. ‘చెమ్మీన్’ నెగ్గింది.

మూడో పద్ధతి మార్కులు వెయ్యడం. మొదటి ఇష్టానికి రెండు మార్కులు, రెండోదానికి ఒకటి, మూడోదానికి సున్న. ‘విశ్వరూపం’కి అయిదు రెళ్ళు పది. ‘చెమ్మీన్’కి నాలుగు రెళ్ళు ఎనిమిది, ఆ ఇద్దరి నుంచి రెండు, మొత్తం పది. ‘కాలాతీత వ్యక్తులు’కి అయిదు, నాలుగు, ఆపైన రెండు రెళ్ళు నాలుగు, మొత్తం పదమూడు. అందరికన్నా వెనకున్నది అందరికన్నా ముందుకొచ్చింది!

మనుషులు వాళ్ళే, చీటీలు అవే, ఇష్టాలు అవే. లెక్కించే తీరు మారేసరికి మూడు పుస్తకాలూ తలోసారి నెగ్గాయి. ‘ఓటింగులో తేలింది’ అని మనం అంటూ ఉంటాం గాని, తేల్చింది ఓట్లా, లెక్కించిన పద్ధతా అన్నది ఎవరూ అడగరు.

ఈ మార్కుల పద్ధతిని 1770లో ప్యారిస్ సైన్సు అకాడమీ ముందు పెట్టినవాడు జ్యాఁ షార్ల్ ద బోర్డా. గణితవేత్త, నౌకాదళంలో పనిచేసినవాడు. 1785లో కొండోర్సే అనే మరో ఫ్రెంచి మేధావి ఇంకో దారి చూపించాడు: పుస్తకాలను రెండేసి చొప్పున పోటీ పెట్టి చూడండి, మిగతా వాటన్నిటి మీదా నెగ్గినదే అసలు విజేత అన్నాడు. మా చీటీల్లో ‘కాలాతీత వ్యక్తులు’ ‘విశ్వరూపం’ మీద ఆరు-అయిదుతోనూ, ‘చెమ్మీన్’ మీద ఏడు-నాలుగుతోనూ నెగ్గుతుంది. ఆ లెక్క ప్రకారం కూడా అదే విజేత.

దీంట్లో మోసం చెయ్యలేమా అని మీకు అనుమానం రావచ్చు. మాలో ఒకడికి వచ్చింది. ‘చెమ్మీన్’ వాళ్ళు నలుగురూ గడుసుగా ‘కాలాతీత వ్యక్తులు’ని అడుగుకి నెట్టి, ‘విశ్వరూపం’ని రెండోదిగా రాశారనుకోండి. అప్పుడు ‘కాలాతీత వ్యక్తులు’కి తొమ్మిది, ‘చెమ్మీన్’కి పది, ‘విశ్వరూపం’కి పద్నాలుగు. అంటే తమకు బొత్తిగా అక్కర్లేనిదే వాళ్ళ నెత్తిన పడుతుంది. ప్రతిసారీ ఇలా బెడిసికొట్టకపోవచ్చు. గడుసుతనం ఫలించే సందర్భాలూ ఉన్నాయి.

ఇంకో చిక్కుంది. ముగ్గురు మనుషులు, మూడు పుస్తకాలు అనుకోండి. ఒకడి వరస క, గ, చ. రెండోవాడిది గ, చ, క. మూడోవాడిది చ, క, గ. రెండేసి చొప్పున పోలిస్తే క మీద చ, చ మీద గ, గ మీద మళ్ళీ క నెగ్గుతాయి. గానుగెద్దులా తిరగడమే, విజేత లేడు. దీన్ని కూడా కొండోర్సేయే చెప్పాడు. 1951లో కెన్నెత్ ఏరో అనే అమెరికన్ ఆర్థికవేత్త ఇంకా ముందుకెళ్ళాడు. మూడూ అంతకుమించి పేర్లున్నప్పుడు, న్యాయమని మనకు తోచే కొద్దిపాటి షరతులన్నిటినీ ఎప్పుడూ నిలబెట్టగల వరసల పద్ధతి ఏదీ ఉండదని రుజువు చేశాడు. 1972లో ఆయనకు ఆర్థికశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది.

నీళ్ళ వంతు

ఈ లెక్కంతా మా నాన్నకి వినిపించాను. చుట్ట ఆర్పి, “నీల్లు తక్కువైనప్పుడు ఓట్లేస్తామేట్రా? వంతులేసుకుంటాం” అన్నాడు. చదువుకోనివాడి మాటని తీసేయడానికి లేదు. ఓటు ఎంత బాగా లెక్కించినా ప్రతి నెలా అదే గుంపు ఓడిపోతుంటే ఆ గుంపు ఎన్నాళ్ళు ఉంటుంది? చెరువు నీళ్ళు ఎప్పుడూ పైమడికే పోతే కిందిమడివాడు గట్టు తెగ్గొడతాడు.

అందుకని రెండూ కలిపాం. మొదటి నెల మార్కుల ప్రకారం ‘కాలాతీత వ్యక్తులు’. తరవాతి రెండు నెలలూ ‘చెమ్మీన్’, ‘విశ్వరూపం’. ఆ పైన మళ్ళీ చీటీలు. చీటీల్లో నెగ్గని పేరును పారెయ్యకుండా మరుసటి జాబితాలో ఉంచుతాం.

ఎంచినంత మాత్రాన సరిపోదు, పుస్తకం చేతికందాలి. ఒక్క కాపీయే ఉంటే ముప్ఫై రోజుల్లో పదకొండు మందికి తలా మూడు రోజులైనా రావు. మూడు కాపీలుంటే ఒక్కోటి నలుగురి చేతుల్లో తిరుగుతుంది, తలా ఏడు రోజులు. కాబట్టి మూడు కాపీలు దొరికే పుస్తకాన్నే జాబితాలో పెట్టాలని నియమం చేసుకున్నాం. శాఖా గ్రంథాలయంలో అడగడానికి మొహమాటపడనక్కర్లేదు. 1960 నాటి గ్రంథాలయ చట్టం ప్రకారం ఇంటి పన్నులో రూపాయికి ఎనిమిది పైసల చొప్పున సెస్సు కడుతున్నది మన ఇళ్ళవాళ్ళే. 1935లో గుంటూరు జిల్లా పెదపాలెంలో పాతూరి నాగభూషణం గారు పడవలో పుస్తకాలు పెట్టి కాలవ ఒడ్డు ఊళ్ళకి పంపించారు. పడవలున్న ఊరివాళ్ళం, ఆ మాట చదివినప్పుడు మాకు కాస్త సిగ్గేసింది.

రోజులు కూడా చూసుకోవాలి. పరీక్షల నెలలో సన్నపాటి పుస్తకం, ఊడ్పుల నెలలో కథల సంపుటి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకూ 61 రోజులు మరబోట్ల వేట నిషేధం. ఆ రోజుల్లో వేటవాళ్ళ పిల్లలకు తీరిక దొరుకుతుంది గనక లావుపాటి నవల అప్పుడు పెట్టుకుంటాం.

‘కాలాతీత వ్యక్తులు’ ఆదివారానికి తొమ్మిది మంది వచ్చారు. ఇద్దరు పూర్తి చెయ్యలేదు, అయినా వచ్చారు. మరుసటి నెల ‘చెమ్మీన్’. మా మిత్రుడు పుస్తకం నిండా పెన్సిలు గీతలు గీసుకొచ్చి రెండు గంటలు ఆ నవలతో దెబ్బలాడాడు. ఆఖరున, “ఈత తప్పు, అలివి తప్పు అనడానికి లేదు గాని, ఆడమనిషి మీద నింద మాత్రం తప్పే” అన్నాడు. ఆ రోజు పదకొండు మందిమీ ఉన్నాం. చేతుల లెక్కతో సరిపెట్టుకుని ఉంటే ఆ మాట మేము విని ఉండేవాళ్ళం కాదు.

మన హాస్టళ్ళలోనూ ఇలాంటి బృందాలు పెట్టుకోవచ్చు. పెట్టుకుంటే నాది ఒక్కటే మనవి. ‘నీకేది కావాలి?’ అని అడిగి ఊరుకోకండి. ‘అది కాకపోతే ఏది?’ అని కూడా అడగండి. చీటీ మీద రెండో గీతకి ఖర్చేమీ లేదు.